రాళ్లకు నంబర్లు వేశారు, మనుషుల పేర్లు ఎవరు రాయాలి?

పెబ్బేరు నుంచి జాతీయ రహదారి మీద దక్షిణానికి పోతే అలంపురం వస్తుంది. ఉత్తరానికి పోతే మహబూబ్‌నగర్, దాని పక్కన పిల్లలమర్రి. రెండు చోట్లా మ్యూజియాలున్నాయి. కృష్ణా తీరం నుంచి తరలించి మళ్లీ కట్టిన గుళ్లు కూడా రెండు చోట్లా ఉన్నాయి. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోయే ఆలయాలను రాయి రాయికీ నంబరు వేసి విప్పి, తెచ్చి, అదే వరుసలో తిరిగి పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురం చేరింది ఇట్లాగే. ఈర్లదిన్నె గుడి పిల్లలమర్రి చేరిందీ ఇట్లాగే.

అదే నీళ్లలో సుమారు వంద ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూల్చి మరీ జనాన్ని ఖాళీ చేయించారు. ఆ ఊళ్ల మాదిగవాడల్లో డప్పులున్నాయి, తోలు పనికి వాడే ఆరెలు, రంపెలు ఉన్నాయి. మాలవాడల్లో పాటలున్నాయి, కథలున్నాయి. గుడి రాయికి దక్కిన శ్రద్ధ వీటికి దక్కలేదు. రాయిని ‘కళ’ అన్నారు, డప్పును ‘సామాను’ అన్నారు. ఈ తేడాను నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉంటే మ్యూజియం వాళ్లదవుతుంది. స్థానిక వాలంటీర్లు ఆ నిర్ణయంలోకి ఎలా అడుగుపెట్టగలరు, పెడితే ఏం మారుతుంది అన్నదే ఈ వ్యాసంలో విషయం.

పన్నెండు మెట్ల కిన్నెర చెప్పేదేమిటి?

పాలమూరు కిన్నెరనే చూద్దాం. వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, లోహపు తీగలు, తేనె మైనం దీని సరంజామా. దీన్ని వాయించేది దక్కలి కులస్థులు. దక్కలివాళ్లు మాదిగల ఆశ్రిత కులం. మాదిగల పుట్టుక కథ అయిన జాంబపురాణాన్ని వాళ్లకు చెప్పి జీవించినవాళ్లు. ఊరు మాదిగవాడను దూరం పెడితే, ఆ వాడకు కూడా దూరంగా బతకాల్సి వచ్చినవాళ్లు.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలు పాడారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణ కూలీగా పనిచేస్తున్న వార్త దేశమంతా చూసింది. వాద్యానికి గౌరవం దక్కినంత మాత్రాన వాయించే మనిషికి బతుకు దొరకదని ఆ వార్త చెప్పింది. ప్రదర్శన పెట్టే ప్రతి ఒక్కరూ దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇటువంటి వాద్యాలను మ్యూజియం స్థాయిలో చూపించే పనిని మన దగ్గర ముందు వ్యక్తులే తలకెత్తుకున్నారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు దశాబ్దాలుగా ఊరూరా తిరిగి సేకరించిన వాద్యాలు, పటాలు, లోహపు బొమ్మలు, రాతప్రతులు ‘ఆద్యకళ’ పేరుతో హైదరాబాద్‌లో ప్రదర్శనకు వచ్చాయి. పాలమూరు విశ్వవిద్యాలయ అధ్యాపకురాలు గూడూరు మనోజ ఈ కృషిలో ఆయనతో కలిసి నడిచారు.

గోడ వెనక జరిగే పని

చూడడానికి వచ్చేవాళ్లకు గోడ, గాజు పెట్టె, లైటు కనబడతాయి. ఆ వెనక జరిగే పనిలో వాలంటీర్లు నాలుగు చోట్ల కీలకం.

మొదటిది సమ్మతి. వస్తువును దానంగా ఇస్తున్నారా, కొన్నాళ్లకు ఇస్తున్నారా? ఎప్పుడు తిరిగి ఇవ్వాలి? ఫొటో తీయొచ్చా? పాట రికార్డు చేస్తే ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా? ఇవన్నీ తెలుగులో రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఒక కాపీ ఇచ్చినవాళ్ల ఇంట్లోనే ఉండాలి.

రెండోది నమోదు. ప్రతి వస్తువుకూ ఒక నంబరు, ఫొటో, కొలతలు, ఎవరి దగ్గర నుంచి ఎప్పుడు వచ్చిందన్న వివరం రిజిస్టరులో ఎక్కాలి. నంబరు చీటీని నూలు దారంతో కట్టాలి. గమ్ టేపు అంటించకూడదు, మేకు కొట్టకూడదు.

మూడోది సంరక్షణ. పాత వస్తువు చేతికి రాగానే నూనె రాసి మెరిపించాలనిపిస్తుంది. ఆ పని చేయొద్దు. చేతి చెమటకు నల్లబడిన చోటు, తెగితే వేసిన కుట్టు కూడా ఆ వస్తువు చరిత్రే. వెదురు నుంచి సన్నని పొడి రాలుతుంటే పురుగు ఉన్నట్టు. కొత్తగా వచ్చిన దాన్ని కొన్ని వారాలు విడిగా ఉంచి చూశాకే మిగతావాటితో కలపాలి. డప్పు తోలు వేడికి బిగుస్తుంది, చెమ్మకు వదులవుతుంది. కాబట్టి వేడెక్కే లైటు దగ్గరా, చెమ్మ గోడకూ పెట్టకూడదు.

నాలుగోది రాత, అంటే లేబుల్. అసలు పోరు ఇక్కడే.

లేబుల్ ఎవరి నోటితో మాట్లాడాలి?

‘కిన్నెర. వెదురు, సొరబుర్ర. పాలమూరు జానపద వాద్యం.’ ఇందులో తప్పేమీ లేదు. కానీ మనిషి లేడు. ‘జానపదం’ అన్న మాట కింద కులం దాగిపోయింది. ఇంకో విధంగా రాసి చూద్దాం: ‘కిన్నెర. దక్కలి కళాకారులు తామే చేసుకుని వాయించే వాద్యం. చేసినవారి పేరు, ఊరు ఇవి. ఎవరి ఇంటి ముందు, ఏ కథ పాడేవారో, ప్రతిఫలంగా ఏం దక్కేదో ఇది. ఈ ఇంట్లో ఇప్పుడు దీన్ని నేర్చుకుంటున్నది వీరు.’ నాలుగు వాక్యాలే పెరిగాయి. చూసేవాడు మాత్రం వస్తువు దగ్గరి నుంచి మనిషి దగ్గరికి వస్తాడు.

ఈ సమాచారం పుస్తకాల్లో దొరకడం కష్టం. వాడలో పుట్టి పెరిగిన విద్యార్థి వెళ్లి ‘పెద్దనాయినా, ఇది ఎవరు చేసిండ్రు?’ అని అడిగితే దొరుకుతుంది. స్థానిక వాలంటీరు విలువ అక్కడ ఉంది. రాసిన లేబుల్‌ను ప్రింటుకు పంపే ముందు ఆ ఇంటివాళ్లకే చదివి వినిపించాలి. వాళ్లు ‘ఈ మాట వద్దు’ అంటే తీసేయాలి.

డప్పు దగ్గర ఈ పని ఇంకా క్లిష్టమవుతుంది. చావుకూ, జాతరకూ, చాటింపుకూ వెట్టిగా కొట్టించిన వాద్యం అది. అందుకే ‘ఇక కొట్టం’ అని దాన్ని పక్కన పెట్టిన యువకులున్నారు. అదే డప్పు దండోరా ఉద్యమంలో, తెలంగాణ ఉద్యమంలో ఆత్మగౌరవ నాదమైంది. గర్వం ఒక్కటే రాస్తే వెట్టి మాయమవుతుంది. వెట్టి ఒక్కటే రాస్తే కళ మాయమవుతుంది. కొట్టినవాళ్ల మాట, కొట్టనన్నవాళ్ల మాట ఒకే గోడ మీద పక్కపక్కన ఉండాలి.

కేప్‌టౌన్ జనం చేసి చూపించింది

దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో వర్ణవివక్ష ప్రభుత్వం తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించింది. దాదాపు 60 వేల మందిని వెళ్లగొట్టి ఇళ్లు నేలమట్టం చేసింది. 1994 డిసెంబరులో అక్కడి పాత మెథడిస్టు చర్చిలో మ్యూజియం తెరిచారు. నేల మీద పేట పటాన్ని పరిచారు. నిర్వాసితులు వచ్చి తమ ఇల్లు ఉన్న చోట తామే పేరు రాశారు. కూల్చివేత పనిలో ఉన్న ఒకతను దాచిపెట్టిన వీధుల పేర్ల పలకలు కూడా అక్కడికి చేరాయి. చూడడానికి వచ్చిన జనమే ప్రదర్శనను పూర్తి చేశారు.

శ్రీశైలం ముంపు ఊళ్లకు ఇటువంటి పటం ఎందుకు ఉండకూడదు? గుడి ఎక్కడుండేదో అందరికీ తెలుసు. వాడ ఎక్కడుండేది, బావి ఎక్కడుండేది, ఏ బావిలో ఎవరు నీళ్లు తోడుకోనిచ్చేవారు కాదు అన్నవి కూడా ఆ పటం మీదికి రావాలి.

వాలంటీరు పని వెట్టి కాకూడదు

సంస్థ దగ్గర బడ్జెటు ఉండి, దళిత విద్యార్థుల చేత ‘సేవ’ పేరుతో ఉచితంగా నెలల తరబడి పని చేయించుకుంటే దాన్ని వెట్టి అనే అనాలి. బస్సు చార్జీ, భోజనం, గోడ మీద పేరు, అనుభవ ధ్రువపత్రం ముందే కాగితం మీద అడగండి. కళాకారులకు ప్రదర్శన రుసుము శాలువాతో సరిపెట్టకండి.

ప్రారంభం రోజు రిబ్బను ఎవరు కత్తిరిస్తారన్నది కూడా క్యూరేటింగే. వస్తువులిచ్చినవాళ్లు ముందు వరుసలో కూర్చోవాలి, వేదిక మీద మొదట మాట్లాడాలి. కూలికి పోయే జనం రాగలిగే సమయం పెట్టాలి. పెబ్బేరు వంటి చోట సంత రోజు కంటే మంచి రోజు లేదు. పశువుల బేరానికి ఊళ్లకు ఊళ్లు అక్కడికే వస్తాయి.

దీనికి పెద్ద భవనం అక్కర్లేదు. ఒక కమ్యూనిటీ హాలు, ఇరవై వస్తువులు, ఒక రిజిస్టరు, నేల మీద పరిచే ఒక పటం చాలు. అయితే ఆలస్యం చేసే వీలు లేదు. 1981లో ఇరవై ఏళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. మునిగిన వాడలో ఏ ఇల్లు ఎవరిదో వేలు పెట్టి చూపించగలిగేది వాళ్లే. వచ్చే సెలవుల్లో ఊరికి పోయే విద్యార్థులు ఒక నోటుబుక్కు పట్టుకుని ముందు వాళ్ల దగ్గర కూర్చోవాలి.