ఆపద్ధర్మ ప్రభుత్వం

ఎన్నికల్లో అధికారం చేతులు మారిన ప్రతిసారీ పతాక శీర్షికలకెక్కే పదమిది. రాజీనామా చేసిన మంత్రివర్గం, కొత్తది ప్రమాణం చేసేదాకా గవర్నరు కోరిక మేరకు కొనసాగితే అది ఆపద్ధర్మ ప్రభుత్వం.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూన్ 4న ఫలితాలు వచ్చాయి. ఆ రోజే అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్మోహన్‌రెడ్డి రాజీనామా చేశారు. చంద్రబాబునాయుడు జూన్ 12న కొత్త ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఈ మధ్యలోని వారం రోజుల పాలనకే ఆ పేరు. అమెరికాలోనైతే నవంబరులో గెలిచిన అధ్యక్షుడు జనవరి 20 దాకా ఆగాలి. అధికార మార్పిడికి అక్కడ 1964 నుంచి ప్రత్యేక చట్టమే ఉంది.

మన రాజ్యాంగంలో మాత్రం ‘ఆపద్ధర్మ ప్రభుత్వం’ అన్న మాటే లేదు. రోజువారీ పాలనే చూడాలి, పెద్ద విధాన నిర్ణయాల జోలికి పోకూడదన్నది ఆనవాయితీ. 2018 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ రద్దయ్యాక, రద్దు నాటి నుంచే ఆపద్ధర్మ ప్రభుత్వానికి ఎన్నికల నియమావళి వర్తిస్తుందని ఎన్నికల సంఘం తేల్చింది. ఇంత ముఖ్యమైన వ్యవధి ప్రధానంగా ఆనవాయితీ మీద నడవడం వెలితేననిపిస్తుంది.

పల్నాడుకు ఇది దూరపు సంగతి కాదు. 2024 మే 13 పోలింగ్ వేళ, ఆ తర్వాత మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతాల్లో ఘర్షణలు జరిగాయి, 144 సెక్షన్ పెట్టారు. ఇలాంటి చోట పాత ప్రభుత్వం పోయి కొత్తది రాని రోజుల్లో దిక్కెవరన్న భయం సహజం. కానీ కలెక్టరు, ఎస్పీల అధికారాలు చట్టం ఇచ్చినవి. ముఖ్యమంత్రి రాజీనామాతో అవి తగ్గవు. పింఛన్లు, రేషన్, ఆసుపత్రులు ఆగనక్కర్లేదు. దాడి జరిగిందని వచ్చినవారిని కొత్త ప్రభుత్వం వచ్చాక రమ్మనే వీలు ఏ పోలీసు స్టేషనుకూ లేదు.