చోడంబలి మర్యాద

విజయనగరమున గాని శ్రీకాకుళమున గాని వేసవి ఉదయమున బజారు వెంట నడచిపోవు వారికి అంబలి బండ్లు కనుపించును. స్టీలు బిందెలో చోడంబలి, ప్రక్కన మజ్జిగ, తరిగిన ఉల్లిపాయలు, నంజుకొనుటకు మిరపకాయలు. ఎండ ముదురునప్పటికి బిందె అడుగంటును. సాయంకాలము దీపములు వెలిగిన తరువాత అదే వీధిలో వేరొక బండి వచ్చి నిలుచును. దాని పొయ్యి మంట మూరెడెత్తు లేచును. ఇనుప మూకుడులో నూడిల్సు, కోడిగ్రుడ్డు, పొడిపొడిగా వండిన అన్నము గరిటె దెబ్బలకు ఎగిరెగిరి పడును. దానికి ‘ఫాస్ట్ ఫుడ్’ అని పేరు. అమెరికాలో ఆ మాటకు గొప్ప సంస్థల అద్దాల భోజనశాలలు అర్థము. మన జిల్లాలలో దాని అర్థము నాలుగు చక్రాల బండి, ఒక గ్యాసు సిలిండరు, చెమటలు క్రక్కుచు గరిటె త్రిప్పు ఒక బీద కుర్రవాడు. ఈ తేడాను గమనింపకయే ఆరోగ్యోపదేశము చేయువారు చాలమంది ఉన్నారు.

పాలకొండ వైపునుండియో చీపురుపల్లి వైపునుండియో పట్టణమునకు వచ్చి, నలుగురితో గది పంచుకొని చదువుకొను ఒక విద్యార్థిని ఊహించుకొందము. రాత్రి తొమ్మిది గంటలకు వాని భోజనము ఆ బండి వద్దనే. ఒకనాడు వాడు చేతిఫోనులో ‘సూపర్ సైజ్ మీ’ అను ఆంగ్ల డాక్యుమెంటరీ చూచినాడు. 2004లో విడుదలయిన చిత్రమది. మోర్గన్ స్పర్లాక్ అను అమెరికను దర్శకుడు ముప్పది దినములు మూడు పూటలను మెక్‌డొనాల్డ్స్ వారి ఆహారము తప్ప మరేదియు ముట్టక, తన శరీరమునకు కలిగిన మార్పులను తానే చిత్రించి చూపినాడు. నెల తిరుగునప్పటికి అతని బరువు సుమారు 11 కిలోలు పెరిగినది. రక్తములో కొలెస్టరాలు ఎక్కినది. పెరిగిన బరువు దిగుటకు ఏడాదికి పైగా పట్టినది. చూచినవాడెవడైనను మరునాడు బండి వైపు పోవుటకు జంకును. మన విద్యార్థియు జంకినాడు.

ఆ చిత్రమును వేదవాక్యముగా గ్రహింప నక్కరలేదు. స్వీడనులోని లింకోపింగ్ విశ్వవిద్యాలయమున విద్యార్థులతో అట్టి ప్రయోగమే చేసినప్పుడు అందరి దేహములును ఒకే రీతిగా చెడలేదు. 2017లో స్పర్లాక్ తనకు చిరకాలముగా మద్యపానము అలవాటున్నదని స్వయముగా వెల్లడించినాడు. కాబట్టి అతని కాలేయము చెడిన పాపమంతయు రొట్టెముక్కల మీదనే మోపుట న్యాయము కాదు. 2024లో అతడు మరణించినాడు. శాస్త్రముగా బలహీనమైనను కథగా ఆ చిత్రము బలవత్తరమైనది. దాని అసలు లోపము వేరొకటి. ఏది మానవలెనో అది చెప్పినది. మానిన తరువాత ఏమి తినవలెనో చెప్పలేదు. మానుట ఒక రాత్రి పని. మరునాడు తెల్లవారగనే ఆకలి వేయును గదా!

ఏమి తినవలెనో చెప్పిన చిత్రములు తెలుగునాటనే, ఉత్తరాంధ్రమునకు చాల దూరమున, జహీరాబాదు దాపునగల పస్తాపూరులో పుట్టినవి. అచ్చట దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ప్రోత్సాహమున పొలము పనులు చేసికొను దళిత స్త్రీలు, పలువురు అక్షరము రానివారు, కెమెరా పట్టుట నేర్చినారు. తమ విత్తనములను, తమ జొన్నకొర్రల పొలములను, తమ వంటలను తామే చిత్రించినారు. ఎదుటి మనిషి కన్నులతో సమానమైన ఎత్తున కెమెరాను నిలుపుటకు వారు పెట్టుకొన్న పేరు ‘సంఘం షాట్’. పైనుండి క్రిందికి చూచుట పటేలు చూపట! చలనచిత్ర కళను గూర్చి వ్రాసిన పెద్ద గ్రంథములలో ఇంత సూటి మాట అరుదు. తిండిని గూర్చి చెప్పువాడు ఏ ఎత్తున నిలిచి చెప్పుచున్నాడన్నది ముఖ్యము. స్పర్లాక్ చిత్రము భయపెట్టినది. ఈ స్త్రీల చిత్రములు భయపెట్టవు. మేము తినునది ఇది, చూడుడని గిన్నె ముందుకు చాచును.

ఉత్తరాంధ్రమునకు ఆ గిన్నె క్రొత్తది కాదు. రాగులను ఇచ్చట చోళ్లందురు. చోడిపిండిని రాత్రి నీటిలో కలిపి పులియనిచ్చి, మరునాడు ఉడుకుచున్న నూకల గంజిలో పోసి కలియబెట్టినది అంబలి. సీతంపేట, కురుపాం కొండలలో సవరలును జాతాపులును పోడు పొలములందు చోళ్లు, సామలు, కొర్రలు, కందులు కలిపి పండించు అలవాటు తరతరములది. చోడి గింజలో ఒక విశేషమున్నది. దాని పైపొర గింజకు గట్టిగా అంటియుండును. వరి తవుడు వలె దానిని మర సులభముగా ఊడ్చివేయలేదు. పొరతో సహా పిండి కావలసినదే. 100 గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉండగా, తెల్లని బియ్యములో పదికి అటునిటుగా మాత్రమే ఉండును.

తెల్లని బియ్యము ఈ తీరమునకు ఒకప్పుడు గట్టి పాఠము నేర్పినది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున, ఇప్పటి ఈ జిల్లాలను కూడ కలుపుకొన్న ఉత్తర సర్కారులు బెరిబెరి వ్యాధికి పేరుపడినవి. మరలు వచ్చి పచ్చిబియ్యపు తవుడును పూర్తిగా తీసివేయగా, దానితో బి1 విటమిను పోయి, కాళ్లు తిమ్మిరెక్కి గుండె వాచి మనుష్యులు కూలినారు. వడ్లు ఉడికించి దంచుకొను తమిళ జిల్లాలలో ఆ వ్యాధి అంతగా లేదు. ఉడికించునప్పుడు ఆ విటమిను గింజలోనికి ఇంకును. బెరిబెరిని గూర్చి 1918లో కూనూరులో చిన్న గదిలో మొదలైన పరిశోధనయే పెరిగి పెరిగి, 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో, మన దేశపు రోగభారములో 56.4 శాతమునకు అపథ్యాహారమే కారణమని అంచనా వేసినారు.

ఇంత తెలిసియు గిన్నె ఎందుకు ప్రక్కకు పోయినది? 1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యము పేదవాని ఆకలి తీర్చినది. దానిని తప్పుపట్టువాడు ఆకలి ఎరుగనివాడు. 2013 నాటి ఆహార భద్రతా చట్టము చిరుధాన్యములను కిలో రూపాయికి ఈయవచ్చునని వ్రాసినను, చౌకదుకాణమున దిగిన సంచులలో చాలవరకు బియ్యమే. కాని ధర ఒక్కటే కారణము కాదు. వరియన్నము ఉన్నవాని తిండి, అంబలి లేనివాని తిండి అను భావము మన పల్లెలలో లోతుగా నాటుకొన్నది. పెండ్లిచూపుల నాడు ఏ ఇల్లాలైనను అంబలి కుండను కనబడనిచ్చునా?

మాటకును ఇదే గతి పట్టినది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో వారమునకు మూడు దినములు రాగిజావ ఈయ నారంభించినారు. మంచి పని. అయితే శ్రీకాకుళపు పిల్లవాడు బడిలో త్రాగు రాగిజావయు ఇంట మామ్మ కాచు చోడంబలియు ఒకే గింజవని వానికి ఎవరు చెప్పుదురు? ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట పట్టణములలో రాగి బిస్కత్తులు అద్దాల బీరువాల కెక్కినవి. చోడి మాత్రము కుండలోనే ఉన్నది.

అంబలిని అమృతమని పొగడుటయు తగదు. మధుమేహమున్నవాడు పలుచని జావను గ్లాసుల కొలదిగా త్రాగినచో రక్తములో చక్కెర త్వరగా పెరుగును. ప్రక్కన పప్పో కూరయో ఉండవలెను. మన పునుగులు స్వదేశీయములైనంత మాత్రమున నూనె తక్కువ పీల్చవు. చోళ్లు చెరిగి, బాగుచేసి, తిరగలిలో విసరిన చేతులు ఆడువారివి. ఆ శ్రమను మరల వారి నెత్తిన పెట్టి పూర్వకాలమును పొగడువారు ఒక పూట విసరి చూడవలెను. పిండిమర ఈ విషయమున నిజమైన ఉపకారి.

మన విద్యార్థి ఆదివారమునాడు ఊరికి పోయినాడు. పట్నమునుండి వచ్చిన మనుమడని మామ్మ కంచములో వేడి వరియన్నము వడ్డించి, అంబలి గిన్నెను తనకై వెనుకకు లాగుకొన్నది. వాడు ఆ గిన్నె కావలెనన్నాడు. ఆమె నమ్మలేదు. ‘ఏటిరా బాబూ, పట్నంల కూడు దొరకనేదేటి?’ అన్నది. వాడు ఫోను తీసి, ఆ దొర ముప్పది దినములు ఒకే అంగడి తిండి తిని ఏమైపోయినాడో బొమ్మలు చూపి చెప్పినాడు. ఆమె కన్నార్పక చూచినది. కడకు జాలిగా అడిగినది: ‘ఆ బాబుకి ఇంటికాడ వండి ఎట్టీవోలు ఎవులూ నేరేటిరా?’