యంత్రం మోస్తుంది, మనిషి నడపాలి

తిరువనంతపురం చెంతనున్న విళింజం రేవులో ఒక వింత కనిపిస్తుంది. కంటైనర్లను దొంతులుగా పేర్చే భారీ క్రేన్లపై మనిషి ఉండడు. దూరాన ఒక గదిలో, తెరల ముందు కూర్చున్నవారు వాటిని నడుపుతుంటారు. వారిలో చుట్టుపక్కల మత్స్యకార కుటుంబాల యువతులు కూడా ఉన్నారు. 2025 మే 2న జాతికి అంకితమైన ఈ రేవు విదేశీ రేవులతో పోటీకై నిర్మించినది. మన సరుకును పెద్ద ఓడలకు మార్చే పని చాలాకాలంగా అధికభాగం కొలంబో, సింగపూర్ వంటి రేవులలోనే జరుగుతూ వచ్చింది.

ఈ మార్పునకు మూలం ఒక ఇనుప పెట్టె. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూవార్క్ నుండి 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 పెట్టెలతో హూస్టన్‌కు బయలుదేరింది. మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని ఆలోచన అది. అంతవరకు ఒక్కొక్క బస్తాను, పీపాను కళాసీలు ఓడకెక్కించేవారు. ఆ పద్ధతిలో టన్నుకు 5 డాలర్ల 86 సెంట్లయ్యే ఖర్చు, పెట్టెల రాకతో 16 సెంట్లకు దిగినట్లు లెక్కగట్టారు. 1993 నాటికి రోటర్‌డాంలో డ్రైవరు లేని బండ్లే పెట్టెలను మోయసాగాయి.

మరి, బరువు మోసిన ఆ భుజాల గతి ఏమిటి? హారీ బ్రిడ్జెస్ నాయకత్వాన అమెరికా పశ్చిమ తీర కార్మికులు 1960లో ఒక ఒడంబడిక చేసుకున్నారు. యంత్రాలను రానిస్తామన్నారు, ప్రతిగా ఉద్యోగ భద్రతను, పదవీ విరమణ నిధిని పొందారు. అయినా భయం తీరలేదు. 2024 అక్టోబరులో ఆ దేశపు తూర్పు తీరాన జరిగిన మూడు రోజుల సమ్మెకు యాంత్రీకరణ ఒక ప్రధాన కారణం.

యంత్రం వచ్చినంత మాత్రాన రేవు నెగ్గుతుందనుకోవడమూ పొరపాటే. స్వయంచాలక రేవులలో ఖర్చు 15 నుండి 35 శాతం తగ్గినా, ఉత్పాదకత 7 నుండి 15 శాతం పడిపోయిందని 2018లో మెకిన్సీ సంస్థ పరిశీలన తెలిపింది. నిపుణుల కొరత అందుకు ఒక కారణం. క్రేను మొరాయిస్తే లోపం తీగలోనున్నదో, కంప్యూటరు ఆజ్ఞలోనున్నదో క్షణాలలో పసిగట్టగలవారు కావాలి. ఆలస్యమైతే ఓడ నిలిచిపోతుంది. నిలిచిన ప్రతి గంటకూ ఖర్చు పెరుగుతుంది. తరువాతి ఓడ మరో రేవును వెదుక్కుంటుంది.

గాలి విసురుకు పెట్టె ఎటు ఊగుతుందో అనుభవజ్ఞుడైన కార్మికుడికి కంటిచూపుతోనే తెలుసు. ఆ ఎరుకకు కొత్త విద్య తోడైతే అతడు యంత్రానికి పోటీదారు కాడు, దానికి సారథి అవుతాడు. కనుక క్రేన్లకు ఆర్డరు పెట్టిన నాడే శిక్షణ తరగతులూ మొదలు కావాలి. యంత్రం దిగిన తరువాత మనిషిని వెదకబోతే, నష్టపోయేది కార్మికుడొక్కడే కాదు, రేవు కూడా.