హక్కుల పత్రం – ఆత్మవిచారణ: జీవిత లక్ష్యాన్ని వ్రాసుకొనే పద్ధతి

సముద్రంపై ప్రయాణించే ప్రతి ఓడలోనూ లాగ్‌బుక్ అనే పుస్తకం ఒకటి ఉంటుంది. ఓడ ఏ దిశకు పోతున్నది, ఎంత వేగంతో పోతున్నది, గాలి ఎటునుండి వీస్తున్నది, ఏ వేళ ఏమి సంభవించింది అనే సంగతులు అందులో ఎప్పటికప్పుడు వ్రాయబడుతూ ఉంటాయి. 1933లో ప్రారంభమైన విశాఖపట్నం ఓడరేవులో లోపలి రేవుకు పోయే ఓడ, డాల్ఫిన్ నోస్ కొండ ప్రక్కనున్న ఇరుకైన కాలువ గుండా అక్కడికి చేరవలసి ఉంటుంది. అక్కడి లోతుపాతులు తెలిసిన పైలట్ ఓడనెక్కి దారి చూపుతాడు. కాని ఏ రేవుకు పోవాలో తెలియని ఓడకు ఎంతటి పైలట్ అయినా చేయగల సహాయం లేదు.

అదే నగరంలోని ఉక్కు కర్మాగారంలో రాత్రింబవళ్ళు షిఫ్టులు నడుస్తాయి. ఒక షిఫ్టువారు దిగిపోయేముందు యంత్రాల స్థితినీ, జరిగిన పనినీ, మిగిలిన పనినీ పుస్తకంలో వ్రాసి తరువాతి వారికి అప్పగిస్తారు. ఓడకూ, కొలిమికీ ఇంతటి లెక్క ఉన్నది. మరి ఆ ఓడను నడిపే మనిషి, ఆ కొలిమి వద్ద చెమటోడ్చే మనిషి తన స్వంత జీవితానికి ఏ పుస్తకంలో లెక్క వ్రాసుకొంటున్నాడు? ఇరవై యేళ్ళు, ముప్పై యేళ్ళు షిఫ్టులు చేసి, పదవీ విరమణ నాడు పూలదండ వేయించుకొని ఇంటికి వచ్చిన తరువాత, ఇంతకాలం దేనికొరకు బ్రతికినట్లు అని ప్రశ్నించుకొనేవారు తక్కువేమీ కాదు. ఆ ప్రశ్న చివరిరోజున కాక ప్రతిరోజూ వేసుకొనే మార్గమే ఈ వ్యాసానికి విషయం.

లక్ష్యాన్ని వ్రాసుకొనే అలవాటు

ప్రతి వ్యక్తీ తన జీవిత లక్ష్యాన్ని కొద్ది వాక్యాలలో వ్రాసి పెట్టుకోవాలనే సలహా ఈనాడు విరివిగా వినబడుతున్నది. అమెరికా రచయిత స్టీఫెన్ కవీ 1989లో ప్రచురించిన ‘ది సెవెన్ హ్యాబిట్స్ ఆఫ్ హైలీ ఎఫెక్టివ్ పీపుల్’ అనే గ్రంథం ద్వారా ఇది లోకమంతటా వ్యాపించింది. అంతకు చాలాముందే, 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 13 సద్గుణాల పట్టిక వ్రాసుకొని, వారానికొక గుణంపై దృష్టి నిలిపి, పొరపాటు జరిగినప్పుడల్లా ఒక చిన్న పుస్తకంలో నల్లచుక్క పెట్టుకొనేవాడు. 13 వారాల ఈ వరుస సంవత్సరంలో నాలుగుసార్లు పూర్తవుతుంది. ఈ సంగతిని ఆయన తన స్వీయచరిత్రలో వివరించాడు.

ఇవి మంచి ప్రయత్నాలే. అయితే ఈ పద్ధతి పాశ్చాత్య దేశాల నుండి క్రొత్తగా దిగుమతి అయినదని ముస్లిం పాఠకులు భావించనక్కరలేదు. ఫ్రాంక్లిన్‌కు ఆరు శతాబ్దాలకు పైగా ముందే ఇమామ్ గజాలీ (రహ్మ) దీనిని ఒక క్రమబద్ధమైన శాస్త్రంగా తీర్చిదిద్దారు. దాని మూలాలు దివ్యఖుర్ఆన్‌లోనూ, హదీసులలోనూ ఉన్నాయి.

వ్రాతకు ఇస్లామ్ ఇచ్చిన స్థానం

ఇమామ్ బుఖారీ తన హదీసు సంకలనాన్ని హజ్రత్ ఉమర్ (రజి) తెలిపిన నియ్యత్ హదీసుతో ప్రారంభించారు. ఆచరణల విలువ సంకల్పాన్నిబట్టి నిర్ణయమవుతుందని దాని భావం. హషర్ సూరాలోని 18వ ఆయత్, ప్రతి వ్యక్తీ రేపటికొరకు తాను ఏమి పంపుకొన్నాడో చూచుకోవాలని బోధిస్తున్నది. బఖరా సూరాలోని 282వ ఆయత్, గడువు పెట్టి ఇచ్చిపుచ్చుకొనే అప్పు చిన్నదైనా పెద్దదైనా వ్రాసుకోవడానికి విసుగు చెందవద్దని ఆదేశిస్తున్నది. వీలునామా చేయవలసిన ఆస్తి ఉన్న ముస్లిం, అది వ్రాతపూర్వకంగా తనవద్ద లేకుండా రెండు రాత్రులు గడపరాదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బనీ ఇస్రాయీల్ సూరా 13, 14 ఆయతుల ప్రకారం ప్రళయదినాన ప్రతి మనిషీ తన కర్మల గ్రంథాన్ని తానే చదువుకోవలసి ఉంటుంది. ఆ గ్రంథం ఎలాగూ వ్రాయబడుతూనే ఉన్నది. దాని నమూనాను ముందే తన చేతితో వ్రాసి సరిచూచుకొనేవాడు వివేకి.

గజాలీ చూపిన క్రమం

బస్రా రేవుపట్టణంలో 781 ప్రాంతంలో జన్మించి, 857లో బగ్దాదులో మరణించిన హారిస్ బిన్ అసద్ అనే పండితునికి ‘ముహాసిబీ’ అనే పేరు స్థిరపడింది. తన లెక్క తాను చూచుకొనేవాడని దాని అర్థం. ఆయన రచనల నుండి ఎంతో గ్రహించిన ఇమామ్ గజాలీ 1058లో తూస్‌లో జన్మించి 1111లో అక్కడే కన్నుమూశారు. బగ్దాదులోని నిజామియా విద్యాలయంలో ఆచార్యపదవి, అపారమైన కీర్తి ఆయనకు లభించాయి. 1095లో తన నియ్యత్‌ను తానే పరీక్షించుకొన్నారు. తన బోధన దైవప్రసన్నత కొరకు కాక పేరుప్రతిష్ఠల కొరకు సాగుతున్నదని ఆయనకు తోచింది. నెలల తరబడి వేదన పడి, చివరకు మాట కూడ పెగలక, పాఠం చెప్పలేని స్థితికి వచ్చారు. పదవిని విడిచి బయలుదేరారు. ఆత్మవిచారణ గురించి ఆయన వ్రాసినది పుస్తక పాండిత్యం మాత్రమే కాదనడానికి ఇదే నిదర్శనం.

40 భాగాల ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో 38వ భాగం ఈ విషయానికే కేటాయించబడింది. అందులో ఆరు మెట్లున్నాయి. మొదటిది ముషారతా, అనగా ఉదయమే తన మనస్సుతో షరతులు చేసుకోవడం. రెండవది మురాఖబా, అనగా పని జరుగుతున్నంతసేపు కనిపెట్టి ఉండడం. మూడవది ముహాసబా, అనగా రోజు చివర లెక్క తీయడం. తప్పు తేలితే దానికి పరిహారం విధించుకోవడం, మరింత కృషిచేయడం, మనస్సును మందలించడం మిగిలిన మూడు.

దీనిని గజాలీ వ్యాపారంతో పోల్చారు. వర్తకుడు తన భాగస్వామికి పెట్టుబడి అప్పగించేటప్పుడు ముందు షరతులు పెడతాడు, తరువాత కనిపెట్టి ఉంటాడు, ఆపైన లెక్క అడుగుతాడు. ఇక్కడ మనస్సే ఆ భాగస్వామి. విధిగా చేయవలసిన ఆరాధనలు అసలు, అదనపు సత్కార్యాలు లాభం, పాపాలు నష్టం. రోజులోని 24 గంటలను 24 ఖజానాలుగా ఊహించుకోవాలని ఆయన చెప్పారు. కొన్ని వెలుగుతో నిండి ఉంటాయి, కొన్ని చీకటితో. నిద్రలోనో, ఏమరుపాటులోనో గడిచిన గంట ఖజానా ఖాళీగా ఉంటుంది. దానిని చూచినప్పటి పశ్చాత్తాపం చిన్నది కాదు.

‘హక్కు’ అన్న మాటలోని రెండవ వైపు

1966లో ఉక్కు కర్మాగారం కొరకు ఉద్యమం చెలరేగినప్పుడు ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న నాలుగు మాటలు ఊరూరా మ్రోగాయి. లక్ష్యాన్ని తెలిపే వాక్యం ఎంత చిన్నదైతే అంత గట్టిగా నిలుస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ. కాని నినాదం ఒక్కటే ఉక్కును కరిగించలేదు. 1970 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వ ప్రకటన, 1971 జనవరిలో శంకుస్థాపన, 1990లో ‘గోదావరి’ అనే మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం – ఇన్ని దశలు గడిచాయి. పావుశతాబ్దపు ప్రతి దినం ఎవరో పని చేశారు, ఎవరో లెక్క వ్రాశారు. వ్యక్తి సంకల్పానికీ ఇదే సూత్రం. చిన్న వాక్యం, దాని వెనుక దీర్ఘకాలపు దినసరి లెక్క.

ఆ నినాదంలోని ‘హక్కు’ అన్న మాట అరబీలోని ‘హఖ్’ నుండి తెలుగులోకి వచ్చినదే. తెలుగులో దీనిని సాధారణంగా మనకు రావలసినది అనే అర్థంలో వాడుతారు. ఇస్లామ్ పరిభాషలో ఆ మాటకు రెండవ వైపు కూడ ఉన్నది. మనం ఇతరులకు ఇవ్వవలసినది కూడ హక్కే. జీవిత లక్ష్యాన్ని వ్రాసుకొనే విశ్వాసికి ఈ రెండవ వైపే ఆరంభస్థానం. ‘నేను ఏమి కావాలి?’ అన్న ప్రశ్న కంటే ముందు, ‘నాపై ఎవరెవరి హక్కులున్నాయి?’ అన్న ప్రశ్న రావాలి.

ఇందుకు సహీహ్ బుఖారీలోని ఒక సంఘటన ఆధారం. దైవప్రవక్త (స) హజ్రత్ సల్మాన్, హజ్రత్ అబూ దర్దా (రజి)ల మధ్య సోదరసంబంధం ఏర్పరచారు. సల్మాన్ ఒకరోజు ఆ ఇంటికి వెళ్ళగా అబూ దర్దా సతీమణి మాసిన బట్టలతో కనిపించారు. కారణమడిగితే, నీ సోదరునికి ఈ లోకంతో పనిలేదన్నారు ఆమె. పగలంతా ఉపవాసం, రాత్రంతా ఆరాధన చేయబోయిన అబూ దర్దాను సల్మాన్ వారించి, భోజనం చేయించి, నిద్రపుచ్చి, రాత్రి చివరి భాగంలో లేపి ఇద్దరూ కలిసి నమాజు చేశారు. ప్రభువుకూ, నీ దేహానికీ, నీ ఇంటివారికీ నీపై హక్కులున్నాయి, ఎవరి హక్కు వారికి చెల్లించమని బోధించారు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) సల్మాన్ పలికినది నిజమన్నారు.

పత్రం ఎట్లా వ్రాసుకోవాలి?

ఒక కాగితంపై మొదట నియ్యత్‌ను ఒకే వాక్యంగా వ్రాయాలి. దానిక్రింద హక్కుదారులను వరుసగా పేర్కొని, ఒక్కొక్కరికి సంబంధించి చేయగల ఒకటి రెండు పనులు మాత్రమే వ్రాయాలి. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే పనే అల్లాహ్‌కు ప్రీతిపాత్రమని హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా తెలిసిన హదీసు ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఉదాహరణకు, రేవులో క్రేన్ నడుపుతూ, భార్యాబిడ్డలనూ వృద్ధురాలైన తల్లినీ పోషించే ఒక కార్మికుడు ఇట్లా వ్రాసుకోవచ్చు:

1. నా పని, నా సంపాదన, నా విశ్రాంతి అల్లాహ్ ప్రసన్నత కొరకు కావాలన్నది నా సంకల్పం.
2. ఏ షిఫ్టులో ఉన్నా అయిదు పూటల నమాజును వేళ దాటనివ్వకుండా చూచుకొంటాను.
3. అమ్మ దగ్గర రోజూ కొంతసేపు కూర్చుంటాను. ఆమె అడగకముందే మందులు తెస్తాను.
4. రేవులోని అలసటను, కోపాన్ని ఇంటి గడప దాటించను.
5. క్రేన్ క్రింద మనుషులున్నారని మరువను. తనిఖీ చేయకుండా చేసినట్లు సంతకం పెట్టను.
6. ఇచ్చిన అప్పు, తీసుకొన్న అప్పు, చీటీ బాకీ – అన్నీ వ్రాసి ఇంట్లో తెలిసేటట్లు ఉంచుతాను. వడ్డీకి దిగను.
7. నిద్రకు ముందు ఈ కాగితం చూడకుండా పడుకోను.

ఇందులో ప్రతి వాక్యానికీ రాత్రి ‘అవును’ లేక ‘కాదు’ అని జవాబు చెప్పవచ్చు. ‘మంచివాడిగా జీవిస్తాను’ అని వ్రాస్తే లెక్క తీయడం అసాధ్యం. అయిదవ వాక్యాన్ని గమనించండి. ఒక్క అబద్ధపు సంతకం వల్ల క్రిందనున్న మనిషి ప్రాణం పోవచ్చు. తన విధిని నమ్మకంగా చేయడం కూడ ఇబాదత్‌లో భాగమని ఇక్కడ స్పష్టమవుతుంది. ఆరవ వాక్యం కూడ అంత ముఖ్యమైనదే. అప్పు తీర్చకుండా మరణించిన ఒక వ్యక్తి జనాజా నమాజును దైవప్రవక్త (స) తాము చేయించక ఆగిపోయారు. అబూ ఖతాదా (రజి) ఆ బాకీని తమపై వేసుకొన్న తరువాతనే చేయించారు.

ఇల్లు నడిపే స్త్రీకైనా, దుకాణదారునికైనా, విద్యార్థికైనా పద్ధతి ఇదే. హక్కుదారుల పట్టిక మాత్రమే మారుతుంది. వ్రాయడం రానివారు కంఠస్థం చేసుకోవచ్చు.

షిఫ్టు పనివారికి ఒక చిక్కు ఉంటుంది. వారానికొక వేళ మారిపోతే గడియారాన్నిబట్టి వేసుకొన్న పట్టిక నిలువదు. కావున పత్రాన్ని గంటలకు కాక నమాజులకూ, నిద్రకూ ముడిపెట్టాలి. రాత్రి షిఫ్టు చేసి ఉదయం పడుకొనేవానికి ఆ ఉదయమే లెక్క తీసే వేళ. అప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలను తిర్మిజీలోని హదీసు ముందే తెలియజేసింది: ఆయుష్షు దేనిలో గడిచింది, తెలిసినదానిని ఎంత ఆచరించడమైంది, ధనం ఎట్లా వచ్చి ఎటు పోయింది, దేహం దేనికొరకు అరిగింది.

జాగ్రత్తలు

మొదటిది, ఈ పత్రాన్ని ప్రమాణంగా మార్చరాదు. అల్లాహ్ పేర ప్రమాణం చేసి తప్పితే పరిహారం చెల్లించవలసి ఉంటుంది. మాయిదా సూరా 89వ ఆయత్ ప్రకారం పదిమంది పేదలకు భోజనమో, వస్త్రాలో ఇవ్వడం, లేక ఒక బానిసకు విముక్తి కలిగించడం, అందుకు శక్తి లేనివారు మూడు రోజులు ఉపవాసం ఉండడం ఆ పరిహారం. కావున ఇది సంకల్పంగానే ఉండాలి. ‘రేపు చేస్తాను’ అనేటప్పుడు ‘ఇన్షా అల్లాహ్’ అనడాన్ని కహఫ్ సూరా 23, 24 ఆయతులు నేర్పాయి.

రెండవది, దానిని గోడకు తగిలించి నలుగురికీ చూపడం తగదు. ప్రదర్శనాబుద్ధి సంకల్పాన్ని తొలిచివేస్తుంది.

మూడవది, తప్పినరోజున నిరాశతో కాగితాన్ని చింపివేయరాదు. తౌబా చేసి, శక్తికొలది సదఖా ఇచ్చి, మరునాడు మళ్ళీ మొదలుపెట్టాలి. లాగ్‌బుక్‌లో తుపాను నాటి పుట కూడ ఉంటుంది. ఆ పుటను చింపిన నావికుడు నమ్మదగినవాడు కాడు. వ్రాసి, దిశ సరిచేసుకొన్నవాడే రేవు చేరుతాడు.

తమ లెక్క అడగబడకముందే తమ లెక్క తాము చూచుకోవాలని హజ్రత్ ఉమర్ (రజి) హితవు చెప్పినట్లు పెద్దలు ఉటంకిస్తారు. దానికి కావలసినది ఒక కాగితం, ఒక కలం, పడుకొనేముందు కొద్ది నిమిషాలు. షిఫ్టు ముగిసి చివరి అప్పగింత జరిగే దినం ప్రతివారికీ ఉన్నది. ఆనాడు చేతికిచ్చే గ్రంథం ముందే పరిచయమైనదిగా ఉండేటట్లు అల్లాహ్ అందరికీ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.