‘క’ను బిట్లుగా విప్పితే

కంప్యూటర్ ఏ అక్షరాన్నైనా సంఖ్యగానే దాచుకుంటుంది. ప్రపంచ లిపులకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగు ‘క’కు దక్కినది 3093, పైథాన్ భాషలో ‘ఆర్డ్’ అనే ప్రమేయానికి ఈ అక్షరాన్ని అందిస్తే వచ్చే జవాబూ అదే. దశాంశ పద్ధతిలో ఉన్న ఈ నాలుగంకెలను బట్టి అక్షరం ఏ లిపికి చెందిందో పోల్చుకోవడం కష్టం గానీ, అదే సంఖ్యను ‘హెక్స్’ అనే ప్రమేయం చేత రాయిస్తే, ముందుండే 0x గుర్తు పోగా సి15 అని వస్తుంది, అప్పుడు దాని చిరునామా బయటపడుతుంది.

హెక్సాడెసిమల్ అంటే పదహారు ఆధారంగా గల సంఖ్యామానం. ఇందులో 0 నుంచి 9 వరకు మామూలు అంకెలే ఉండగా, 10 నుంచి 15 వరకు గల విలువలకు ఎ నుంచి ఎఫ్ వరకు రోమన్ అక్షరాలను వాడతారు. సి విలువ 12 కనుక, సి15 అంటే పన్నెండు 256లు, ఒక 16, ఒక 5 కలిసి 3093 అవుతుంది. ఈ పద్ధతిలోని ఒక్కో అంకె సరిగ్గా నాలుగు బిట్లకు, అంటే నాలుగు సున్నా-ఒకట్ల స్థానాలకు సమానం కావడమే ప్రోగ్రామర్లు దీన్ని వదలకపోవడానికి అసలు కారణం. ఆ లెక్కన 0సి15ను లెక్కలేమీ వేయకుండానే 0000 1100 0001 0101 అని విప్పి రాయవచ్చు. 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఉన్న 128 గళ్లు తెలుగువి.

బిట్ షిఫ్టింగ్ అంటే ఈ వరుసను మొత్తంగా పక్కకు జరపడం. >> గుర్తు కుడివైపుకు జరిపితే చివరి బిట్లు రాలిపోతాయి, ఒక్కో స్థానానికి విలువ సగమవుతుంది. << గుర్తు ఎడమకు జరిపితే రెట్టింపవుతుంది. జరిపిన తరువాత కావలసిన బిట్లను మాత్రమే నిలపడానికి & గుర్తును, విడి ముక్కలను కలపడానికి | గుర్తును వాడతారు.

కెన్ థాంప్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన, యూనికోడ్ సంఖ్యలను ఎనిమిదేసి బిట్ల బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతి ఈ పనిముట్లతోనే నడుస్తుంది. ‘క’కు చెందిన 16 బిట్లను అది నాలుగు, ఆరు, ఆరుగా విడదీసి మూడు బైట్లలో సర్దుతుంది. సంఖ్యను 12 స్థానాలు కుడికి జరిపితే మిగిలేది సున్నా, దానికి ఇ0 కలిపితే మొదటి బైటు ఇ0. ఆరు స్థానాలు జరిపి, ఆరు ఒకట్లు గల 3ఎఫ్‌తో వడగడితే 30, దానికి 80 కలిపితే బి0. జరపకుండానే వడగడితే 15, దానికీ 80 కలిపితే 95. తెలుగు ఫైలును పాత పాశ్చాత్య అక్షర పట్టికతో తెరిచినప్పుడు, తలపై వాలుగీత ఉన్న రోమన్ ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తు తెర నిండా బారులు తీరడానికి కారణం ఈ ఇ0, బి0 జంటే. 0సి40లో ఉన్న ‘ఈ’త్వంతో మొదలై తరువాతి గుణింతపు గుర్తులు, పొల్లు రెండో బైటుగా బి1ను తీసుకుంటాయి కనుక, నడుమ నడుమ డిగ్రీ గుర్తు స్థానంలో ప్లస్-మైనస్ గుర్తు కూడా కనిపిస్తుంది.

ఇంతకంటే ముచ్చటైనది కన్నడ ‘క’ సంఖ్య: 0సి95. తెలుగు ‘క’కూ దానికీ తేడా ఒకే ఒక్క బిట్టు. భారతీయ లిపులకోసం ఇక్కడే తయారైన ఇస్కీ ప్రమాణపు వరుసను యూనికోడ్ అనుసరించడం వల్ల రెండు లిపుల అక్షరాలూ ఎదురెదురు గళ్లలో కూర్చున్నాయి. కోరిన బిట్టును తిరగవేసే ^ గుర్తుతో హెక్సాడెసిమల్ 80ని ప్రయోగిస్తే చాలావరకు తెలుగు పాఠం కన్నడ లిపిలోకి మారిపోతుంది. కన్నడ వైపు జోడు లేని ౘ, ౙ వంటి అక్షరాల దగ్గర మాత్రం ఈ కిటుకు పనిచేయదు.

భాష మారితే ఫలితమూ మారవచ్చు. పైథాన్‌లో పూర్ణాంకానికి నిర్ణీత పొడవు లేదు కాబట్టి 255ను 24 స్థానాలు ఎడమకు జరిపితే 4278190080 వస్తుంది. జావాస్క్రిప్ట్ మాత్రం ఇటువంటి పనులకు సంఖ్యను 32 బిట్లకు కుదించి, మొదటి బిట్టును రుణ చిహ్నంగా తీసుకోవడం వల్ల -16777216 చూపుతుంది. >>> గుర్తుతో సున్నా స్థానాలు జరిపితే ఆ రుణ చిహ్నం తొలగిపోతుంది. 16 బిట్లకు మించని తెలుగు అక్షరాలకు ఈ బెడద లేదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతో పాటు పారదర్శకతను కూడా ఒకే సంఖ్యలో ఇమిడ్చే బొమ్మల పనిలోనే ఇది ఎక్కువగా ఎదురవుతుంది.