వాహక తరంగం దశ తప్పితే?

మీడియం వేవ్ రేడియోలో ఒక డయోడు, ఒక కెపాసిటరు, ఒక నిరోధకం కలిసి వాహక తరంగం నుంచి సంకేతాన్ని విడదీస్తాయి. ఇది ఎన్వలప్ డిటెక్టర్. వాహకం ఏ దశలో వచ్చిందో దానికి అక్కర లేదు, కంపన పరిమితిలోని హెచ్చుతగ్గులు చాలు. ఈ సౌకర్యానికి మూల్యం చెల్లించేది ప్రసార కేంద్రం. ఒకే స్వరంతో నూరు శాతం మాడ్యులేషన్ చేసినా, సామర్థ్యంలో మూడింట రెండు వంతులు ఏ సమాచారమూ లేని వాహకానికే పోతుంది.

వాహకాన్ని అణచివేసి సైడ్‌బ్యాండ్‌లను మాత్రమే పంపితే? అప్పుడు రిసీవరు ఆ వాహకాన్ని తనలోనే తయారుచేసుకొని, వచ్చిన తరంగంతో గుణించాలి. దీనిని కొహెరెంట్ డిటెక్షన్ అంటాం. చిక్కంతా ఇక్కడే ఉంది. రెండు వాహకాల దశల మధ్య తేడా థీటా అయితే, ఫలితం కొసైన్ థీటాకు అనులోమానుపాతంలో ఉంటుంది. తేడా 60° అయితే సంకేతం సగమే దక్కుతుంది. 90° అయితే సున్నా! ప్రయోగశాలలో నేను దశను మార్చే నాబ్ తిప్పి ఇది చూపినప్పుడు, పిల్లలు తీగ ఊడిందనుకొని బల్ల కింద వెతికారు.

అంత తేడా ఎలా వస్తుందని అడుగుతారేమో. 900 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం సుమారు 33 సెంటీమీటర్లు. సెల్‌ఫోను టవరు వైపు బెత్తెడు దూరం జరిగితే చాలు, దశ 90° మారుతుంది.

మన దేశంలో 1982లో మొదలైన రంగుల టెలివిజన్ ప్రసారాలు పాల్ పద్ధతిలో సాగాయి. అందులో రంగు ఏదన్నది దశలోనే ఉండేది. అందుకే 4.43 మెగాహెర్ట్జ్ ఉపవాహకాన్ని అణచివేసినా, ప్రతి గీత మొదట్లో దాని డోలనాలు పది దాకా పంపేవారు. సెట్టు వాటిని చూసి తన డోలకాన్ని సరిదిద్దుకొనేది.

అలాంటి ఆనవాలు కూడా లేకుండా, సైడ్‌బ్యాండ్‌ల నుంచే దశను రాబట్టే వలయాన్ని జాన్ కోస్టాస్ 1956లో వివరించాడు. అయితే ఆ వలయం 0°కు, 180°కు తేడా చెప్పలేదు. 0, 1 అంకెలను ఈ రెండు దశలతోనే పంపుతున్నామనుకోండి. వలయం తప్పు దశలో కుదురుకుంటే ప్రతి బిట్టూ తలకిందులవుతుంది!

దీనికి విరుగుడు తేలికైనదే. 1 0 0 1 1 వరుసను తలకిందులు చేయండి: 0 1 1 0 0. అంకెలన్నీ మారినా, ఎక్కడ మారాయి, ఎక్కడ మారలేదు అన్నది మాత్రం అలాగే ఉంది. కాబట్టి సమాచారాన్ని బిట్టులో కాక, బిట్టుల మధ్య మార్పులో ఉంచితే సరి. ప్రతి బిట్టు తరంగాన్నీ దాని ముందు బిట్టు తరంగంతోనే పోల్చితే, వాహకాన్ని మళ్ళీ తయారుచేసుకొనే పనే ఉండదు. ఇదే డీపీఎస్‌కే. పోల్చే తరంగంలోనూ రొద ఉంటుంది కనుక కొంత నష్టం తప్పదు. లక్ష బిట్టులకు ఒక తప్పు స్థాయిలో ఆ నష్టం ఒక డెసిబెల్ లోపే. నా దృష్టిలో ఇది మంచి బేరమే.