చేతికి బరువు తెలియని కత్తి

కత్తి కొనడానికి వచ్చినవాళ్ళు ముందుగా అంచు మీద బొటనవేలు పెట్టి చూస్తారు. వద్దంటాను. అంచుదేముంది, సాన పడితే వస్తుంది. ముందు పిడి పట్టుకోండి, మణికట్టు ఆడించండి, బరువు ఎటు లాగుతోందో చూడండి. కైకలూరులో కొలిమి పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన ఏ పనిముట్టు చేతికిచ్చినా మొదట ఇదే అడిగేవాడు.

కొల్లేట్లో తాటిదోనె మీద నిలబడి కిక్కిస కోసేవాళ్ళని గమనించండి. దోనె ఇరుకు, అడుగు గుండ్రం. కొడవలి మొన బరువుగా ఉంటే లాగిన ప్రతిసారీ ఒళ్ళు తూలుతుంది, ఒంటితోపాటు దోనె కూడా ఒరుగుతుంది. అందుకే లంకలవాళ్ళ కొడవలికి మొన వైపు వెళ్ళేకొద్దీ సుత్తితో రేకు పలచబరుస్తాం. బరువంతా పిడి దగ్గరే నిలవాలి. చెరువు గట్టు మీద తుమ్మ కొమ్మలు నరికే కత్తికి ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. దానికి బరువు ముందుకుండాలి. చెయ్యెత్తి వదిలితే కత్తే దిగిపోవాలి, భుజానికి శ్రమ ఉండకూడదు.

ఇది తెలుసుకోవడం తేలిక. కత్తిని చూపుడువేలి మీద అడ్డంగా ఆనించండి. ఎటూ వాలకుండా నిలిచిన చోటు పిడి మొదట్లో ఉంటే అది కోసే కత్తి. రెండు మూడు అంగుళాలు ముందుకుంటే నరికే కత్తి.

మొన్నామధ్య హైదరాబాదు నుంచి ఒక కుర్రాడొచ్చి ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. "బాబాయ్ గారూ, ఇలాంటిది చేస్తారా?" అడవిలో గుడారం వేసుకుని, పుల్లలు చెక్కుకుని, వంట చేసుకునేవాళ్ళు వాడే బుష్‌క్రాఫ్ట్ కత్తి అది. స్వీడన్‌లో మోరా అనే ఊరు ఇలాంటి కత్తులకే పేరు పడింది. అమెరికాలో హొరేస్ కెఫార్ట్ 1906లోనే అడవిలో బతకడం గురించి పుస్తకం రాశాడు, ఆయన పేరుతో ఒక కత్తి నమూనా ఇప్పటికీ నడుస్తోంది. బెత్తెడు పైచిలుకు రేకు, దానికి తగ్గ పిడి, ఆర్భాటం లేదు. "చేస్తాను బాబూ. ముందు నీ చెయ్యి చూపించు" అన్నాను. అరచేతి వెడల్పు కొలవకుండా పిడి చెయ్యలేను.

ఇనుముకి మా దగ్గర కరువు లేదు. విరిగిన లారీ కమాను పట్టీ చాలు. అందులో కర్బనం నూటికి అర పాలు, కాస్త పైన. ఎర్రగా కాల్చి దాగలి మీద సాగదీస్తాం. రేకులో పిడిలోకి దిగే తోకని చివరిదాకా ఉంచి, వెనక్కి వెళ్ళేకొద్దీ సన్నం చేస్తాం. పూర్తి మందం వదిలితే బరువు వెనక్కి గుంజుతుంది.

అసలు పని నీళ్ళు పెట్టడంలో, అంటే కాల్చి ముంచి గట్టిపరచడంలో ఉంది. రేకు ఎర్రబడ్డాక పాత స్పీకరు అయస్కాంతానికి తగిలిస్తాను. 770 డిగ్రీల దగ్గర అది అంటుకోవడం మానేస్తుంది. ఇంకొంచెం కాల్చి నూనెలో ముంచుతాను. కమాను ఉక్కుని నేరుగా నీళ్ళలో ముంచితే పగుళ్ళు రావచ్చు. నూనెలోంచి తీసేసరికి రేకు గాజంత పెళుసు. తళతళలాడేలా రుద్ది మళ్ళీ సన్న సెగ మీద పెడితే రంగులు పరిగెడతాయి. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. చేపల కత్తిని పసుపు దగ్గర ఆపుతాను, నరికే కత్తిని ఊదా దాటనిస్తాను. ఎండలో ఈ రంగులు తెలియవు, అందుకే ఈ పని నీడపట్టున పెట్టుకుంటాం.

ఉక్కు పని మనకి కొత్తేమీ కాదు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించిన ఉక్కు కోసం పూర్వం పారశీక వర్తకులే వచ్చేవారు. లండన్‌లో మైకేల్ ఫారడే అంతటివాడు మన దేశపు ఉక్కుని పరీక్షించాడు. ఆ విద్య తెలిసిన నేల మనది.

పిడికి నల్లతుమ్మ మించింది లేదు. కోలగా ఉండాలి. గుండ్రంగా ఉంటే చేతిలో తిరిగిపోతుంది, చీకట్లో అంచు ఎటుందో తెలియదు. చివర కొంచెం లావు వదిలితే చేప జిగురు చేతికి కూడా జారదు. తోక సన్నగా ఉండే కొడవలికైతే పిడి మూతికి పొన్ను తప్పనిసరి, లేకపోతే చెక్క చీలుతుంది.

బజార్లో చేపలు కోసే ఒకామె తన కత్తిపీట తెచ్చి, "కొరమీను పెడితే అల్లాడుతోంది బాబాయ్" అంది. రేకులో లోపమేమీ లేదు, పీటలో మొదలు వదులైంది. కత్తిపీటకి బరువు తొక్కిపెట్టిన కాలిది, రెండు చేతులూ చేపవి. మొదలు కదిలితే ఆ ఏర్పాటంతా పోతుంది, వేళ్ళు తెగుతాయి. మేకు కొట్టి బిగించి ఇచ్చాను.

మీ ఇంట్లో కత్తి మొద్దుబారితే పాత ఇనుము కింద వేసెయ్యకండి. కమాను ఉక్కు కత్తిని వాడాక తుడిచి, చుక్క కొబ్బరినూనె రాయండి. పదును పోతే దగ్గర్లోని కొలిమికి తీసుకెళ్ళండి. కొత్తది కావాలంటే ఏ పనికో చెప్పి, మీ చెయ్యి కొలిపించుకుని చేయించుకోండి.